బటన్ తీసేస్తే ఎవరికి నష్టం?

(వర్తూరులో జరిగిన సభ్యుల, రిటైర్డు కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



నేటి ఎజెండాలో బోనస్ లేదు, కరువు భత్యం లేదు. సెల్‌ఫోన్ గురించి మాట్లాడతానన్నప్పుడు కమిటీలోనే కొందరు నవ్వారు. "ఫోన్ల సంగతి మనకెందుకన్నా, మిల్లు సంగతి చూడండి" అన్నారు. ఎందుకో ముందు చెప్పి, తర్వాత విషయంలోకి వస్తాను.

మన జీతం ఇప్పుడు చేతికి రాదు, ఖాతాలో పడుతుంది. పడిందని చెప్పేది ఫోన్. పి.ఎఫ్. నుంచి అడ్వాన్సు కావాలంటే ఫోన్‌కు ఒక నంబరు వస్తుంది, అది చూసి కొట్టాలి. పెన్షన్ తీసుకునేవారు బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2014లో దాన్ని వేలిముద్రతో ఇచ్చే పద్ధతి వచ్చింది. 2021 నుంచి ఫోన్ కెమెరాకు ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు. గ్యాసు బుకింగ్, కరెంటు బిల్లు, ఊళ్లో అమ్మకు పంపే డబ్బు, అన్నీ ఆ గాజు పలకలోంచే. కనుక ఫోన్ ఇప్పుడు విలాస వస్తువు కాదు. మిల్లుకు గేటు ఎలాంటిదో మన సొమ్ముకు ఫోన్ అలాంటిది. గేటు లోపలికి పోలేనివాడికి లోపల ఎంత ఉన్నా ఒకటే.

నేను మాట్లాడబోయేది ఫోన్‌లో ఉండే ప్రోగ్రాముల గురించి కాదు. ఫోన్ ఒంటి గురించి. దాని బటన్లు, రంధ్రాలు, దీపం, గాజు, బరువు, వెడల్పు, వీటి గురించి. ప్రోగ్రాములో తప్పుంటే కంపెనీ వాడు రాత్రికి రాత్రి సవరించి పంపగలడు. ఒంటి మీద నుంచి తీసేసిన బటన్‌ను మళ్లీ పంపలేడు. కొన్నవాడు ఆ ఫోన్ పాడయ్యేదాకా ఆ లోటుతోనే బతకాలి.

వేలి ఖరీదు

మన యూనియన్ ఆఫీసులో అందరికంటే ఎక్కువగా నలిగిన పుస్తకం 1923 నాటి నష్టపరిహార చట్టం. దాని చివర ఒక పట్టిక ఉంది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు లెక్క. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం. ఒక చేతికి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. చప్పుడు వల్ల వచ్చే చెవుడును కూడా తర్వాతి కాలంలో వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చారు. ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. 2025 నవంబరు 21 నుంచి కోడ్ అమలులోకి వచ్చింది. పుస్తకం అట్ట మారింది గాని వేలుకింత, కన్నుకింత అనే లెక్క మారలేదు.

ఈ లెక్క వేసినవారు మనిషిని యంత్రం పక్కన నిలబెట్టి వేశారు. ఈ వేలు లేకుండా ఇతను ఎంత పని చేయగలడు, ఎంత సంపాదించగలడు అని చూశారు. సంపాదించిన దాన్ని తీసుకోవడానికి కూడా ఆ వేలే కావలసి వస్తుందని 1923లో ఎవరూ అనుకోలేదు. ఇవాళ బొటనవేలు పోయినవాడికి సంపాదనలో 30 శాతం పోతుంది సరే, సంపాదించిన మిగతా 70 శాతాన్ని ముట్టుకోవడానికి కూడా పక్కవాడి వేలు అరువు తెచ్చుకోవాలి. ఇది ఏ పట్టికలోనూ లేదు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని మనలో ఒక సామెత ఉంది. చాలా తేలిగ్గా వాడేస్తాం. లూమ్ షెడ్డులో పాతికేళ్లు నిలబడినవాడి చెవిని ఎవరు తీసుకున్నారో సామెత చెప్పదు. షెడ్డులో మనం చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. దారం తెగిందంటే ఒక సైగ, జాబర్ వస్తున్నాడంటే ఒక సైగ. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లో ఆడవాళ్లు ఒకరి పెదవులు ఒకరు చదివి మాట్లాడుకునేవారు. చెవుడు మనకు వింత కాదు, మన వృత్తిలో భాగం.

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. కర్ణాటకలో 13 లక్షల పైన, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల పైన. రెండు వేళ్లు పోయినా సర్టిఫికెట్ చేతిలో లేదని ఆ లెక్కలో పేరు చెప్పుకోని మనవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి. యాభై దాటాక చూపు మందగించినవారు, షుగరు వచ్చి వేళ్లు తిమ్మిరెక్కినవారు, చెయ్యి వణికేవారు అందులోకి రారు. కనుక ఇది ఎవరో కొద్దిమంది సంగతి అనుకోకండి. మిల్లులో ముప్పై ఏళ్లు చేసిన ప్రతివాడూ ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఉంటాడు.

అయిదు మీద చుక్క

పాత నోకియా ఫోన్ గుర్తుందా? అయిదో నంబరు బటన్ మీద చిన్న చుక్క పొంగి ఉండేది. చాలామంది దాన్ని గమనించనే లేదు. కన్ను లేనివాడికి ఆ చుక్కే దిక్సూచి. వేలు చుక్క మీద పెడితే పైన రెండు, కింద ఎనిమిది, ఎడమన నాలుగు, కుడిన ఆరు. చీకట్లో, జేబులో చెయ్యి పెట్టి కూడా నంబరు కొట్టగలిగేవాడు. నొక్కితే బటన్ లోపలికి పోయి తిరిగి వచ్చేది. నొక్కానా లేదా అని ఇంకొకరిని అడగనక్కరలేదు.

ఆ తర్వాత గాజు పలక వచ్చింది. గాజుల్లో రెండు రకాలు. మొదట్లో వచ్చిన కొన్ని ఫోన్లలో, 2008లో వచ్చిన నోకియా 5800 లాంటి వాటిలో, పై పొర కిందికి వంగి కింది పొరను తాకితే పని చేసేది. గోరుతో నొక్కవచ్చు, పుల్లతో నొక్కవచ్చు. ఇప్పటి గాజు అలా కాదు. దానికి బలం అక్కరలేదు, ఒంట్లోని విద్యుత్తు కావాలి. చర్మం తగిలినప్పుడు గాజు మీది విద్యుత్తులో వచ్చే చిన్న మార్పును అది కనిపెడుతుంది. గోరు పనికిరాదు. గుడ్డ కట్టు కట్టిన వేలు పనికిరాదు. మామూలు చేతి తొడుగు, కృత్రిమ వేలు పనికిరావు. నూలు లాగి లాగి కాయలు కాసి ఎండిపోయిన వేలు ఒకసారి పనిచేస్తుంది, మూడుసార్లు చేయదు. అరిగిపోయిన వేలిముద్ర యంత్రంలో పడక రేషన్ షాపులో వెనక్కి తిరిగి వచ్చిన అనుభవం ఈ సభలో చాలామందికి ఉంది. ఆ కష్టమే ఇప్పుడు ఫోన్‌లోకి కూడా వచ్చింది.

మన పాత కార్డింగ్ కార్మికుడు ఒకాయన ఉన్నాడు. పేరు చెప్పను. కుడిచేతికి బొటనవేలు, చూపుడువేలు లేవు. బటన్ల ఫోన్‌ను పదేళ్లు మధ్యవేలి గోరుతో నొక్కి నడిపాడు. కొడుకు ప్రేమతో పెద్ద ఫోన్ కొనిచ్చాడు. అది ఎడమచేతిలో పట్టుకుంటే కుడిచేతితో గీయలేడు, కుడి అరచేతిలో పెట్టుకుంటే జారిపోతుంది. మొదటి ఐఫోన్ 2007లో వచ్చినప్పుడు తెర మూడున్నర అంగుళాలు, బరువు 135 గ్రాములు. ఇప్పుడు బజారులో దొరికే మామూలు ఫోన్ తెర ఆరున్నర అంగుళాలకు అటూ ఇటూ, బరువు రెండు వందల గ్రాముల దగ్గర. ఒంటిచేత్తో వాడేవాడి వేలు పై మూలకు అందదు. ఆయన బ్యాంకుకు పోతే "యాప్‌లో చేసుకోండి" అన్నారు. చివరికి రహస్య నంబరు పక్కింటి కుర్రాడికి చెప్పి అతనితో చేయించుకుంటున్నాడు. తన కష్టార్జితానికి తాళంచెవి ఇంకొకరి చేతిలో పెట్టవలసి వచ్చింది. ఆ కుర్రాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. అందరికీ మంచి పక్కింటివాడు దొరకడు కదా!

మేలు జరిగింది కూడా చెప్పాలి

కొత్తది వచ్చిందంటే తిట్టడమే యూనియన్ పని అని కొందరు అనుకుంటారు. అలా కాదు. గాజు పలక వల్ల మేలు కూడా జరిగింది. 2009లో ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, అదే ఏడు గూగుల్ వారి ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ వచ్చాయి. తెర మీద వేలు ఎక్కడ పెడితే అక్కడ ఉన్నదాన్ని ఫోనే చదివి వినిపిస్తుంది. అంతకు ముందు అలాంటి గొంతు కావాలంటే విడిగా డబ్బు పెట్టి కొనవలసి వచ్చేది. ఇప్పుడు ఫోన్‌తోపాటు ఉచితం. తెలుగులో కూడా చదువుతుంది. చూపు లేని పిల్లలు పాఠాలు వింటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు.

ఫోన్ ముందు వైపు కెమెరా పెట్టడం, 2016 తర్వాత డేటా చౌక కావడం, ఈ రెండూ కలిసి చెవిటివారికి చేసినంత మేలు ఇంకేదీ చేయలేదు. సైగలతో మాట్లాడే మనిషి మొట్టమొదటిసారి దూరాన ఉన్నవాడితో తన భాషలో మాట్లాడగలిగాడు. ఛార్జింగ్ పిన్ను సంగతి చూడండి. పాత పిన్నును ఒకవైపు నుంచే పెట్టాలి, తిరగేస్తే దూరదు, బలవంతం చేస్తే విరుగుతుంది. ఇప్పటి టైప్ సి పిన్ను ఎటు పెట్టినా దూరుతుంది. చూపు లేనివాడికి, ఒంటిచేతివాడికి అది నిజంగా మేలు. ముఖం చూసి తెరుచుకునే ఫోన్ చేతులు లేనివాడికి మేలు.

అంటే వస్తువును మేలు జరిగేలా చేయడం వారికి తెలుసు. తెలిసి కూడా ఎందుకు తీసేస్తున్నారన్నదే ప్రశ్న.

ఒక్కొక్కటిగా తీసేసినవి

మొదటిది, కింద ఉండే గుండ్రటి హోమ్ బటన్. శామ్‌సంగ్ గెలాక్సీ పెద్ద ఫోన్లలో 2017లో ఎస్8తో పోయింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన ఐఫోన్ టెన్‌తో ఐఫోన్‌లో కూడా పోవడం మొదలైంది. ఎంత తికమకపడ్డా ఆ బటన్ నొక్కితే మొదటికి వచ్చేవాళ్లం. చూపు లేనివాడికి అది ఇంటి గడప. ఇప్పుడు దాని బదులు కింది అంచు నుంచి పైకి వేలితో గీయాలి. ఎంత దూరం గీయాలి, ఎంతసేపు ఆపాలి అనేదాన్ని బట్టి ఒక్కోసారి ఒక్కో పని జరుగుతుంది. చెయ్యి వణికేవాడి గీత తిన్నగా రాదు.

రెండవది, ఇయర్‌ఫోన్ రంధ్రం. 2016 సెప్టెంబరులో ఐఫోన్ 7లో దాన్ని తీసేశారు. ఎందుకు తీసేశారని అడిగితే, ముందుకు పోవడానికి ధైర్యం కావాలని వేదిక మీద చెప్పారు. అదే రోజు అదే వేదిక మీద వైరు లేని ఇయర్‌ఫోన్లను 159 డాలర్ల ధరతో ప్రకటించారు. రంధ్రం లేనివారి కోసం ఒక చిన్న తోకవైరు పెట్టెలో ఉచితంగా ఇచ్చారు గాని, 2018 ఫోన్లతో దాన్ని కూడా ఆపేశారు. తర్వాత మిగతా కంపెనీలు ఖరీదైన ఫోన్లలో అదే దారి పట్టాయి. తక్కువ ధర ఫోన్లలో ఆ రంధ్రం ఇంకా చాలావాటికి ఉంది, మంచిదే.

పాటలు వినేవాడికి ఇది చిన్న సంగతి. చూపు లేని మనిషికి ఫోన్ ప్రతి మాటా గట్టిగా చదువుతుంది. ఖాతాలో ఎంత ఉంది, బ్యాంకు నుంచి వచ్చిన నంబరు ఎంత, భార్య ఏం రాసింది, అంతా బస్సులో అందరికీ వినిపిస్తుంది. రెండు వందల రూపాయల వైరు ఇయర్‌ఫోన్ ఆ మనిషికి గోప్యత, మర్యాద, భద్రత. వైరు లేనిదైతే ఛార్జింగ్ అయిపోతుంది, చెవిలోంచి పడితే వెతుక్కోలేడు. పైగా మాట కొంచెం ఆలస్యంగా వస్తుంది. పాటలో ఆ తేడా తెలియదు. ఒక్కొక్క అక్షరం విని వేలు కదిపేవాడికి ప్రతి అక్షరానికీ ఆగవలసి వస్తుంది. వినికిడి యంత్రం వాడేవారిలో కొందరు మెడలో తీగచుట్ట వేసుకుని దాన్ని ఆ రంధ్రానికే తగిలించేవారు. వారి దారీ మూసుకుపోయింది.

మూడవది, చిన్న దీపం. పాత ఫోన్ల పైమూలలో ఒక మిణుగురు దీపం ఉండేది. మెసేజి వస్తే ఆకుపచ్చగానో ఎర్రగానో మెరిసేది. తెర అంచుల దాకా పెరిగేసరికి దానికి చోటు లేకుండా పోయింది. గంట వినపడని మనిషికి ఆ దీపమే గంట.

నాలుగవది, పక్కన ఉండే సైలెంట్ మీట. ఐఫోన్‌లో అది అటూ ఇటూ జరిగేది. వేలితో తడిమితే ఫోన్ మోగుతుందా మోగదా తెలిసిపోయేది. 2023లో ఖరీదైన ఐఫోన్లలో, 2024లో మిగతా కొత్త వాటిలో దాని స్థానంలో నొక్కే బటన్ పెట్టారు. నొక్కే బటన్‌ను తడిమితే అది ఏ స్థితిలో ఉందో తెలియదు. మన రింగ్ ఫ్రేమ్ స్టార్టర్ హ్యాండిల్‌ను చీకట్లో తడిమినా ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చెప్పగలిగేవాళ్లం. ఆ తేడాయే ఇది.

అయిదవది, వేలిముద్ర చోటు. ఒకప్పుడు ఫోన్ వెనక గుంటలాగా ఉండేది, వేలికి తగిలేది. తర్వాత చాలా ఫోన్లలో దాన్ని తెర అడుగుకు పంపారు. అక్కడ పైన అంతా నున్నటి గాజు. ఎక్కడ పెట్టాలో కన్ను ఉన్నవాడికి బొమ్మ చూపిస్తుంది. కన్ను లేనివాడు వెతుక్కోవాలి.

కంపెనీల వాదన కూడా వినాలి. కదిలే భాగం ముందు అరుగుతుంది అంటారు. నిజమే, మిల్లులో చేసిన మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. రంధ్రం తగ్గితే నీళ్లు పోవు, బ్యాటరీకి చోటు పెరుగుతుంది అంటారు. అదీ కొంత నిజమే. కాని ఒకటి తీసేటప్పుడు దాన్ని ఆసరా చేసుకుని బతికేవాడికి బదులు ఏమిస్తున్నావు అనే ప్రశ్న ఆ లెక్కలో వేసుకోవాలి కదా? మెజారిటీ వాడకందార్లకు అక్కరలేదు కాబట్టి తీసేశాం అంటే, మెజారిటీ కార్మికుల వేళ్లు తెగలేదు కాబట్టి యంత్రానికి కంచె అక్కరలేదు అన్నట్టే.

కంచె తనంతట తాను రాలేదు

మిత్రులారా, తిరిగే చక్రానికి, బెల్టుకు, గేరుకు కంచె వేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. యంత్రం తయారుచేసినవాడు కంచె లేకుండానే చేయగలడు, చౌకగా కూడా వస్తుంది. చట్టం ఉంది గనుక, చట్టాన్ని అమలు చేయమని వెంటపడే కార్మికులున్నారు గనుక కంచె వచ్చింది. ఫోన్ విషయంలో కూడా అలాగే జరిగిందని చూపడానికి మూడు ఉదాహరణలు చెబుతాను.

ఒకటి మన దేశానిదే. 2016లో కేంద్రం ఒక నిబంధన తెచ్చింది. ఆడవాళ్ల రక్షణ కోసం 2017 జనవరి 1 నుంచి అమ్మే ప్రతి ఫోన్‌లో ఆపద బటన్ ఉండాలన్నారు. బటన్ల ఫోన్‌లో అయిదు గాని తొమ్మిది గాని నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ మూడుసార్లు వెంటవెంట నొక్కే పద్ధతి కూడా చెప్పారు. ఏ బటన్ ఏం చేయాలో ఢిల్లీ ప్రభుత్వం రాసిపెట్టింది.

రెండవది యూరప్‌ది. అన్ని ఫోన్లకూ ఒకే ఛార్జింగ్ రంధ్రం ఉండాలని 2022లో అక్కడ చట్టం చేశారు. సొంత రంధ్రం వదలనన్న కంపెనీ 2023లో ఐఫోన్ 15తో టైప్ సికి మారింది. చట్టం యూరప్‌ది, మారిన ఫోన్ బెంగళూరులో కూడా దొరికింది. యూరప్‌లోనే ఫోన్ల వంటి వస్తువులు వికలాంగులకు అనువుగా ఉండాలనే చట్టం 2025 జూన్ 28 నుంచి అమలులోకి వచ్చింది.

మూడవది అమెరికాది. వినికిడి యంత్రంతో టెలిఫోన్ కుదరాలని అక్కడ 1988లో చట్టం చేశారు. 2003లో సెల్‌ఫోన్లకు దాన్ని వర్తింపజేయడం మొదలుపెట్టారు. అమ్మే ఫోన్లన్నీ అలాగే ఉండాలని 2024లో నిర్ణయించారు. ముప్పై ఆరేళ్లు పట్టింది, కాని వచ్చింది.

మన పుస్తకాల్లో ఏముంది?

మన దేశంలో చట్టం లేదా అంటే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో రోజూ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడగల రూపంలో దొరికేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 జూలైలో సిఫార్సులు చేసింది. అయిదు, అంతకు మించి మోడళ్లు చేసే కంపెనీ కనీసం ఒక మోడలైనా వికలాంగులకు అనువుగా 2020 చివరికల్లా తేవాలని అందులో ఉంది. భారత ప్రమాణాల సంస్థ 2021, 2022లలో ఐ.ఎస్. 17802 అనే ప్రమాణాన్ని రెండు భాగాలుగా ప్రచురించింది. వస్తువు ఒంటికి సంబంధించిన కొలతలు, నియమాలు కూడా అందులో ఉన్నాయి.

సుప్రీం కోర్టు కూడా మాట్లాడింది. చూపు లేని రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. అనువుగా ఉంచండి అని సలహా చెబితే చాలదు, తప్పనిసరి చేస్తూ నిబంధనలు రాయాలని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో ఇంకొక తీర్పు. ఆమె మీద యాసిడ్ పోశారు. బ్యాంకు ఖాతా తెరవబోతే కెమెరా ముందు కన్ను ఆర్పితేనే మనిషి బతికున్నట్టు లెక్క అన్నారు. రెప్పలు కాలిపోయిన మనిషి కన్నెలా ఆర్పుతుంది? ఈ డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని, 21వ అధికరణం కిందికి వస్తుందని కోర్టు చెప్పి, 20 ఆదేశాలు ఇచ్చింది. కెమెరా ముందు ముఖం తిప్పమంటే తిప్పలేక లైఫ్ సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయే మన పెన్షనర్లు ఈ తీర్పు పేరు గుర్తు పెట్టుకోవాలి. 1995 పథకం కింద 2014లో కనీస పెన్షన్ వెయ్యి రూపాయలని నిర్ణయించారు. ఆ వెయ్యి కోసం కూడా కన్ను ఆర్పి చూపించాలా?

ఇంకొక మాట. ఈ వర్తూరు నుంచి కోలారు దారి పట్టి పోతే నరసాపుర వస్తుంది. ఐఫోన్లు అక్కడే బిగిస్తారు. 2020 డిసెంబరులో జీతాల విషయమై గొడవ జరిగిన ఫ్యాక్టరీ అదే, 2023లో టాటా వారి చేతికి వచ్చింది. మన ఆంధ్రలో శ్రీసిటీలో 2015 నుంచి ఫోన్లు బిగిస్తున్నారు. ఇటు పక్కన వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో ఫోన్లకు ప్రోగ్రాములు రాస్తారు. బిగించే చేతులు మనవి, ఎక్కడ బటన్ ఉండాలి అని చెప్పే నోరు మాత్రం మనది కాదు. ఎన్నాళ్లిలా?

మనం చేయవలసింది

మొదట రేపటి నుంచే చేయగలిగినవి చెబుతాను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో శబ్దం పెంచే, తగ్గించే బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో టాక్‌బ్యాక్ మొదలవుతుంది. సెట్టింగుల్లో "నావిగేషన్" అనే చోట పాత మూడు బటన్ల పద్ధతి ఎంచుకోవచ్చు, గీతలు గీసే బాధ తప్పుతుంది. ఒక చెవి మాత్రమే వినిపించేవారు "మోనో" శబ్దం పెట్టుకోవాలి. గంట వినపడనివారు ఫోన్ వస్తే వెనక లైటు మెరిసేలా పెట్టుకోవచ్చు. పవర్ బటన్ మీద బొట్టుబిళ్ళ అంటించండి, వేలికి తగులుతుంది. కొత్త ఫోన్ కొనేటప్పుడు ఇయర్‌ఫోన్ రంధ్రం ఉందా, వేలిముద్ర చోటు వేలికి తెలుస్తుందా, కొడుకు చేతిలో కాదు, వాడబోయే మనిషి చేతిలో పెట్టి చూడండి. బటన్ల ఫోన్‌తో కూడా డబ్బు పంపవచ్చు. 2022 మార్చిలో దానికోసమే యు.పి.ఐ. 123పే మొదలుపెట్టారు. 2023లో 999 రూపాయలకు వచ్చిన జియో భారత్ బటన్ల ఫోన్‌లో యు.పి.ఐ. పెట్టారు. బటన్లకూ బ్యాంకుకూ పొసగదనే మాట అబద్ధమని ఇది చెబుతోంది.

ఇక డిమాండ్లు. ఈ సమావేశం ఆమోదిస్తే కేంద్ర కార్మిక శాఖకు, టెలికాం శాఖకు, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కార్యాలయాలకు పంపుతాం.

1. ఐ.ఎస్. 17802ను ఫోన్ల విషయంలో తప్పనిసరి చేయాలి. అంగన్‌వాడీ కార్యకర్తల దగ్గర నుంచి ప్రభుత్వం ఎవరికి ఫోన్లు కొన్నా టెండరులోనే ఆ షరతు రాయాలి.

2. ప్రతి కంపెనీ వేలికి తగిలే బటన్లు, ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్న మోడల్ కనీసం ఒకటి, కార్మికుడు కొనగల ధరలో, ఎల్లప్పుడూ అమ్మకంలో ఉంచాలి. రంధ్రం తీసేసిన ఫోన్‌కు తోకవైరు పెట్టెలోనే ఇవ్వాలి.

3. పి.ఎఫ్., పెన్షన్, ఇ.ఎస్.ఐ., బ్యాంకు, ఎక్కడైనా మనిషిని గుర్తుపట్టడానికి ఒకే దారి పెట్టకూడదు. వేలు పడకపోతే ముఖం, ముఖం కుదరకపోతే నంబరు, ఏదీ కుదరకపోతే కౌంటరులో మనిషి ఉండాలి. "యాప్‌లో చేసుకోండి" అని వెనక్కి పంపకూడదు.

4. పనిలో వేలు, కన్ను, చెవి పోగొట్టుకున్న కార్మికుడికి పరిహారంతో పాటు, అతను సొంతంగా వాడుకోగల ఫోన్, పరికరాలు యాజమాన్యం ఖర్చుతో ఇప్పించాలి.

5. ఫోన్ల నమూనాలను విడుదలకు ముందు వికలాంగులతో వాడించి చూడాలి. వారి అభిప్రాయాన్ని ప్రచురించాలి.

నాలుగో డిమాండ్ మీద మన మిల్లు యాజమాన్యంతోనే వచ్చే చర్చల్లో మొదలుపెడదాం. ఢిల్లీ దూరం, మిల్లు ఆఫీసు దగ్గర. ప్రతి డిపార్టుమెంటు నుంచి, పనిలో అంగవైకల్యం పొందినవారి పేర్లు, వారు ఫోన్ వాడటంలో ఏ బటన్ దగ్గర, ఏ పని దగ్గర ఆగిపోతున్నారో రాసి ఈ నెలాఖరులోగా యూనియన్ ఆఫీసుకు ఇవ్వండి. రాయలేనివారు వచ్చి నోటితో చెప్పండి, మేము రాసుకుంటాం. ఆ కాగితాలు చేతిలో లేకుండా చర్చలకు పోతే మన మాటకు బలం ఉండదు.

 ఇప్పుడు సభ్యులు మాట్లాడాలి. ముందుగా వేలు లేనివారికి, చూపు లేనివారికి, వినపడనివారికి అవకాశం ఇవ్వమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. వినపడనివారి కోసం లూమ్ షెడ్డు మిత్రులు ఇద్దరు సైగలతో చెప్పడానికి ఇక్కడే ఉన్నారు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి.